ఇల్లూ వాకిలీ: ఇటుక మీద మోజు, టైలు కింద డొల్ల

ప్రశ్న: మాది కాకినాడలో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో టీవీ వెనక గోడ ఎర్ర ఇటుకతో ఉండాలని మా అబ్బాయి పట్టు. కడితే నిజం ఇటుకతోనే కట్టాలని మావారు. ఇటుక టైల్స్ అతికిస్తే చాలని డిజైనరు. మా అత్తగారికైతే ప్లాస్టరింగ్ లేని గోడ చూస్తే డబ్బు చాలక వదిలేసినట్టు ఉంటుందట. ఎవరి మాట వినమంటారు?
- ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: అత్తగారితోనే మొదలుపెడతాను, ఆవిడన్నది తీసిపారేసే మాట కాదు కాబట్టి. మన వైపు ఇటుక బయటికి కనబడుతోందంటే ఆ ఇంటాయనకి ఇంకా లోను రాలేదనే అనుకుంటారు. కావాలని అలా ఉంచామని చూసేవాళ్ళకి తెలియాలంటే వరసలు తిన్నగా ఉండాలి, సందులన్నీ ఒకే మందాన ఉండాలి, మాలు, అంటే ఇటుకల మధ్య పెట్టే సిమెంటు ఇసుక ముద్ద, ఇటుక మొహాన పూసుకుపోకూడదు. ప్లాస్టరింగ్ వెనక దాగే గోడ కట్టే మేస్త్రీకి ఇవేవీ అలవాటు ఉండవు. అతను చెడ్డ పనివాడని కాదు, ఆ గోడకి అవి అక్కర్లేదు, అంతే. అందుకే మేస్త్రీతో ముందు నాలుగడుగుల ముక్క ఒకటి కట్టించి చూడండి. అది అత్తగారికి నచ్చితే పని మొదలైనట్టే.

ఇక మీవారి కోరిక. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు కడితే దాదాపు రెండు టన్నులు తూగుతుంది. ఉన్న గోడకి ముందు ఇంకో గోడగా దాన్ని మూడో అంతస్తు స్లాబు మీద నిలబెట్టడానికి మీ బిల్డింగు లెక్కలు వేసిన ఇంజనీరు ఒప్పుకోవాలి. కింద బీము ఉందా లేదా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీ డిజైనరూ చెప్పలేరు. అదే అంగుళంలోపు మందం ఉన్న ఇటుక ముక్కలు అతికిస్తే అంత గోడకీ మూడు నాలుగు వందల కిలోలతో పోతుంది. కాబట్టి ఫ్లాటు వరకూ నా ఓటు డిజైనరుకే. ఒక్క షరతు. సిమెంటుతో పోతపోసి పైన ఎర్రరంగు పూసిన నకలు వద్దు. మట్టితో చేసి బట్టీలో కాల్చినదే అడగండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక మూల విరిస్తే తెలిసిపోతుంది. కాల్చిన దాంట్లో రంగు లోపలిదాకా ఉంటుంది, ఒక్కో ముక్కకీ ఛాయ కొంచెం మారుతుంది కూడా. ఆ తేడాలే గోడకి అందం.

ఇప్పుడు అసలు సంగతి. మీది సముద్రపు ఊరు. మా నాన్నగారు గోదావరి గట్టున బట్టీ నడిపారు. ఊకతో కాల్చిన ఇటుకల మధ్య పెరిగినదాన్ని, ఇటుకంటే నాకు పక్షపాతమే. అయినా ఒక మాట చెప్పాలి. ఇటుక నీళ్ళు తాగుతుంది. తాగిన నీళ్ళు ఆరేటప్పుడు లోపలి ఉప్పుని పైకి లాక్కొస్తాయి. గోడ మీద తెల్లగా బూజులా తేలేది అదే. కొన్నాళ్ళకి ఇటుక మొహం పొడిపొడిగా రాలుతుంది. ఉప్పు మట్టిలో ఉండొచ్చు, కట్టుబడికి వాడిన నీళ్ళలో ఉండొచ్చు, సరిగా కడగని ఇసుకలోనూ ఉండొచ్చు. పైన ఎంత ఖరీదైన పాలిష్ కొట్టినా లోపలున్న ఉప్పు ఎక్కడికీ పోదు.

కొనే ముందు ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖంగుమని మోగాలి. గోటితో గీస్తే గీత పడకూడదు. ఎండు ఇటుకని తూచి, ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూచండి. మామూలు రకం ఇటుకకి ఐఎస్ 1077, అంటే ఇటుకల మీద మన దేశపు ప్రమాణం, ఒప్పుకునేది నూటికి ఇరవై. అంటే మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. ఉప్పు సంగతి తేలాలంటే పళ్ళెంలో అంగుళం లోతు డిస్టిల్డ్ వాటర్ పోసి, అదే, బ్యాటరీలో పోసేది, ఇటుకని నిలబెట్టండి. నీళ్ళన్నీ పీల్చి ఆరాక ఇంకోసారి పోయండి. మళ్ళీ ఆరాక పదోవంతుకి మించి తెల్లబారిందంటే ఆ సరుకు ప్రహరీకి పంపేయండి, హాల్లోకి వద్దు. అతికించే ముక్కలకీ ఇదే పరీక్ష.

మీ టీవీ గోడకి అవతల బాత్రూం ఉందా? ఉంటే అవతలి చెమ్మ తేలేదాకా ఈ పని ఆపండి. అంతా బాగుంటే పని అయ్యాక గోడని కనీసం కొన్ని వారాలు ఆరనిచ్చి, అప్పుడు సైలేన్ సైలాక్సేన్ రకం నీటి నిరోధకం పూయించండి. ఇది ఇటుక రంధ్రాల్లోకి ఇంకుతుంది, లోపలి ఆవిరిని బయటికి పోనిస్తుంది. మెరిసే వార్నిష్ జోలికి మాత్రం పోకండి. అది చెమ్మని లోపల బిగించేస్తుంది, ఏడాది తిరక్కుండా పొరలుగా లేస్తుంది. పైగా ఇటుకకి ప్లాస్టిక్ బొమ్మ మెరుపు వస్తుంది.

సందుల్లో నింపే మాలు రంగు గురించి ఎవరూ అడగరు గానీ సగం అందం అక్కడే ఉంది. ముదురు బూడిద రంగు సిమెంటు నింపితే గోడ గోడౌనులా కనబడుతుంది. లేత ఇసుక రంగు నింపితే అదే ఇటుక మెత్తగా, పాతగా కనబడుతుంది.

ప్రశ్న: లోపల ఇటుక గోడ ఉంటే ఏసీ అక్కర్లేదంటున్నారు, నిజమేనా?
- ఓ పాఠకుడు, రామగుండం

జవాబు: అలా చెప్పినవాళ్ళని మే నెలలో మీ ఇంటికి భోజనానికి పిలవండి. ఇటుక వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి మీరు పడుకున్నాక గదిలోకి వదులుతుంది. రాత్రి గాలి చల్లగా ఉండి కిటికీలు తెరిచే వీలున్న చోట ఆ ఆలస్యం మేలే చేస్తుంది. తలుపులు బిగించుకున్న గదిలో లోపలి గోడకి అతికించిన ముక్కలు మాత్రం చల్లదనానికి చేసేదేమీ లేదు. గోడ మధ్యలో గాలి ఉంటే కథ వేరు. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ పద్ధతిలో ఇటుకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. మధ్యలో ఖాళీ గూళ్ళు మిగులుతాయి. తొమ్మిదంగుళాల గోడకి ఇటుకలు సుమారు పావువంతు ఆదా, వేడీ తగ్గుతుంది. కొత్త ఇల్లు కడుతుంటే దాని గురించి అడగండి. కట్టేసిన ఇంటికైతే పడమటి గోడకి బయట నీడ కల్పించడమే దారి.

ప్రశ్న: తాతగారు కట్టించిన పాత ఇల్లు మాది. హాల్లో ఒక గోడకి పూత గీకేసి ఇటుక బయటికి కనబడేలా చేద్దామనుకుంటున్నాం. పనివాళ్ళు సిద్ధంగా ఉన్నారు.
- ఓ పాఠకురాలు, నల్గొండ

జవాబు: వాళ్ళని రెండు రోజులు ఆగమనండి. తలుపు వెనక, ఎవరికీ కనబడని చోట, అడుగు పొడవు అడుగు వెడల్పున మాత్రమే గీకించి చూడండి. పూత కింద ఉంటుందని ఎవరూ ఆ ఇటుకని ఏరి పెట్టలేదు. మూలలు విరిగినవి, సగం కాలినవి, మధ్యలో ఇరికించిన ముక్కలు, అన్నీ ఉంటాయి. పైగా పూత బాగా పట్టిన చోట ఉలి దెబ్బకి ఇటుక మొహం కూడా ఊడి వస్తుంది. కాలిన పైపొర పోయిందా, మిగిలిన ఇటుక చేత్తో రుద్దినా రాలుతుంది. ఆ గోడలో కరెంటు పైపులు ఎటు పోతున్నాయో కూడా ముందే చూసుకోండి.

తాతగారి కాలపు ఇల్లంటున్నారు కాబట్టి లోపల డంగు సున్నం, అంటే గానుగలో ఆడించిన సున్నపు మాలు ఉండే అవకాశం ఉంది. ఉంటే మీ అదృష్టం. సందులు మళ్ళీ నింపేటప్పుడు సున్నంతోనే నింపించండి. ఈ మాట మేస్త్రీ వినడు. సిమెంటు గట్టిదండీ అంటాడు. గట్టిదే, బాధా అదే. సున్నం చెమ్మని తనలోంచి పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. అప్పుడా చెమ్మ పక్కనున్న మెత్తటి పాత ఇటుకలోంచి దారి చూసుకుంటుంది. కొన్నేళ్ళకి సిమెంటు గీతలు నిలబడి ఉంటాయి, ఇటుకలు లోపలికి అరిగిపోయి ఉంటాయి. పాత గోడలకి సిమెంటు పాయింటింగ్ చేసిన చాలా చోట్ల మీరే చూడొచ్చు.

ప్రశ్న: వంటింటి గోడకి సిరామిక్ వేయాలా, విట్రిఫైడా? షాపు వాళ్ళు రెండూ ఒకటే అంటున్నారు, రేటు మాత్రం ఒకటి కాదు.
- ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: రెండూ గుజరాత్‌లోని టైల్స్ ఊరు మోర్బీ నుంచి ఒకే లారీలో వచ్చి ఉండొచ్చు, అంతవరకే ఒకటి. టైలు తిరగేసి వెనక నాలుగు చుక్కలు నీళ్ళు వేయండి. గోడకి వేసే సిరామిక్ అయితే మీరు చూస్తుండగానే తాగేస్తుంది. దాని బరువులో పది శాతం పైనే నీళ్ళు పీల్చుకుంటుంది. విట్రిఫైడ్ అర శాతం లోపే. చుక్క అలాగే నిలబడుతుంది.

వంటింటి గోడకి సిరామిక్ చాలు. పైనున్న గ్లేజు, అంటే గాజులాంటి పూత మీద నూనె, పసుపు ఏవీ ఇంకవు, గోడ మీద ఎవరూ నడవరు. తేలిక, కోయడం సులువు, సిమెంటుకే బాగా పట్టుకుంటుంది. కాకపోతే నీళ్ళలో నానబెట్టి, పైతడి ఆరాక వేయాలి. లేకపోతే మాలులోని నీళ్ళు టైలే తాగేసి పట్టు రాకుండా పోతుంది. నేలకి మాత్రం విట్రిఫైడ్ తీసుకోండి. డబ్బాల మీద షేడ్, బ్యాచ్ నంబర్లు అన్నీ ఒకటేనా అని దింపేటప్పుడే చూసుకోండి. ఒక డబ్బా అదనంగా కొని మంచం కింద పెట్టండి. మూడేళ్ళ తర్వాత అదే డిజైను దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: డిసెంబరులో ఒక రాత్రి హాల్లో టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. లైటు వేసి చూస్తే నేల మీద రెండు వరసల టైల్స్ గుడారంలా పైకి లేచి ఉన్నాయి. మా అమ్మ భూకంపం అనుకుని మమ్మల్నందర్నీ మెట్ల మీదకి పంపేసింది. ఇల్లు కట్టి ఆరేళ్ళయింది. వాస్తు దోషమని ఒకరు, టైలు దోషమని ఒకరు అంటున్నారు.
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మగారు చేసిన పనే మంచిది, అర్ధరాత్రి అంతకంటే ఏం తోస్తుంది? వాస్తుని వదిలేయండి. టైలుది కూడా దాదాపుగా తప్పు లేదు.

కాంక్రీటు స్లాబు పోసిన తర్వాత ఏళ్ళ తరబడి ఆరుతూ కుంచించుకుపోతూనే ఉంటుంది. ఇంజనీర్లు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం లెక్కవేసేటప్పుడు మీటరుకి సుమారు 0.3 మిల్లీమీటర్లు తీసుకుంటారు. పదిహేనడుగుల హాలంటే మిల్లీమీటరున్నర దాకా. చూడ్డానికి ఏముంది? కానీ మీ టైల్స్ కుంచించుకోవు. సిరామిక్ రకమైతే పైగా గాలిలోని తేమ తాగి ఏళ్ళ మీద వెంట్రుకవాసి పెరుగుతాయి. కింద నేల తగ్గుతోంది, పైన పలకలు తగ్గనంటున్నాయి. మధ్యలో సందులు ఉంటే ఆ ఒత్తిడిని అవి తీసుకునేవి. మీ హాల్లో టైలుకి టైలు ఆనించి వేసి ఉంటారు. సందు కనబడకూడదని మీరే అడిగి ఉంటారు కూడా, అందరూ అడుగుతారు. చలి రాత్రి స్లాబు ఇంకొంచెం బిగుసుకుంటుంది. అప్పటిదాకా ఓర్చుకున్న వరస ఒక్కసారిగా లేస్తుంది. చలికాలంలోనే ఇలాంటి ఉత్తరాలు నాకు ఎక్కువ వస్తాయి.

అయితే ఒత్తిడి ఉన్నంత మాత్రాన లేవవు, కింద పట్టు లేకపోతేనే లేస్తాయి. లేచిన టైలు వెనక్కి తిప్పి చూడండి. శుభ్రంగా, కొత్త టైలులా ఉందా? విట్రిఫైడ్ వెనక సిమెంటు పాలు పోసి వేస్తే అలాగే ఉంటుంది. నీళ్ళు తాగని పలకకి సిమెంటు ఏం పట్టుకుని వేలాడుతుంది? లేదా వెనక నాలుగు మూలలా, మధ్యలో మాత్రమే మాలు ముద్దలు అంటుకుని ఉన్నాయా? అది పని తొందరగా తెమల్చడానికి చేసిన పని.

ఇప్పుడేం చేయాలంటే, ఒక చెక్క కర్ర తీసుకుని హాలంతా టైలు టైలుకీ తట్టండి. డొల్లగా మోగిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. లేచినవే కాకుండా గుర్తు పెట్టినవన్నీ తీయించాలి. కింది పాత మాలు గీకి, దుమ్ము దులిపి, టైల్ అడ్హెసివ్‌తో వేయించండి. సంచి మీద ఐఎస్ 15477 అనీ, టైప్ 2 లేదా ఆ పైదనీ చూసుకోండి. అడ్హెసివ్‌ని పళ్ళ తాపీతో నేలంతా గీతలుగా పరిచి, టైలు పెట్టి నొక్కాలి. మొదటి టైలు వేయగానే మళ్ళీ లేపి చూపించమనండి, వెనకంతా అంటిందో లేదో తెలుస్తుంది. మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. టైలుకీ టైలుకీ మధ్య స్పేసర్లు పెట్టి రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. గోడ చుట్టూ ఎనిమిది పది మిల్లీమీటర్లు వదిలి, దాన్ని సిమెంటుతో నింపకుండా పైన స్కర్టింగ్‌తో కప్పాలి.

రంధ్రం పెట్టి సిమెంటు పాలు ఎక్కిస్తాం, టైలు తీయక్కర్లేదు అని ఎవరైనా వస్తే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి. ఇంకో మాట, టైలు కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోసే మిషను తెమ్మనండి. ఆ పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీల్చిన పనివాళ్ళకి సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తగ్గే జబ్బు కాదది. ముక్కుకి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. భీమవరంలో అమ్మానాన్నల ఇంటి బాత్రూం మార్పిస్తున్నాం. ఇద్దరికీ డెబ్బై దాటాయి. షాపులో ఫొటోలు పంపితే రెండడుగులు బై నాలుగడుగుల మెరిసే టైల్స్ బాగా నచ్చాయి. నేలకీ అవే వేయొచ్చా?
- ఓ పాఠకుడు

జవాబు: వద్దు బాబూ. గోడకి వేసుకో, నేలకి వద్దు. సబ్బు నీళ్ళు పడ్డ మెరుపు టైలు మీద డెబ్బై ఏళ్ళ పాదం ఆగదు. షాపువాళ్ళు ఆర్ 9, ఆర్ 10 అంటూ ఆర్ 13 దాకా చెబుతారు. ఆ అంకె బూట్లు వేసుకున్న మనిషి నూనె పూసిన వాలు మీద నడిస్తే ఎంతవరకు జారడో చెప్పేది. మీ నాన్నగారు బూట్లతో స్నానం చేయరు కదా. తడి నేల మీద వట్టి కాళ్ళకి వేరే తరగతులున్నాయి, ఏ, బీ, సీ అని. స్నానం చేసే చోటికి బీ అడుగు. అది రాసిన డబ్బా దొరక్కపోతే టైలు తడిపి, సబ్బు రాసి, షాపులోనే చెప్పులు విప్పి నిలబడి చూడమను. ఎవరేమనుకున్నా ఫరవాలేదు.

పెద్ద టైలుకి ఇంకో ఇబ్బందీ ఉంది. బాత్రూం నేల నాలుగు వైపుల నుంచీ తూము వైపు వాలాలి, ఎనిమిదడుగులకి కనీసం అంగుళం. నాలుగడుగుల పలకని అలా నాలుగు వైపులకీ వంచలేం. అడుగు బై అడుగు లేదా అంతకంటే చిన్నవి వేస్తే వాలు చక్కగా వస్తుంది, సందులు ఎక్కువై కాలికి పట్టూ దొరుకుతుంది. ఖర్చు తగ్గించాలనుకుంటే గోడ టైల్స్ ఎత్తు తగ్గించు, కింద వాటర్‌ప్రూఫింగ్‌లో తగ్గించకు. కమోడు పక్కన గోడకి పట్టుకునే స్టీలు కడ్డీ టైల్స్ వేయకముందే ఆలోచించుకోవాలి.

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది చదువుతున్నాను. ఇటుక, టైలు అందానికి వాడటం మనకి బయటి నుంచి వచ్చిన ఫ్యాషనేనా?
- ఓ విద్యార్థిని, వరంగల్

జవాబు: నువ్వున్న ఊరి నుంచే అడుగుతున్నావా ఈ మాట! ఒక ఆదివారం పాలంపేట వెళ్ళు. రామప్ప గుడి 1213 నాటిది. కింద అంతా రాయి, పైన విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, ఇటుక. ఆ ఇటుక నిండా సన్నటి రంధ్రాలు, నీళ్ళలో వేస్తే తేలేంత తేలిక. అలంకారానికి కాదు, బరువు తగ్గించడానికి వాడారు. అయినా బరువు గురించి అంతగా ఆలోచించిన వాళ్ళని నేను డిజైనర్లనే అంటాను. 2021లో యునెస్కో జాబితాలో చేరింది.

టైలుకి హైదరాబాద్ రా. పాతబస్తీలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మొహర్రం సంతాపానికి కట్టిన మందిరం. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594 ప్రాంతంలో కట్టించాడు, గోడల మీది రంగుల గ్లేజు పలకల పని ఆ తర్వాత 1611 నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు కోసి కూర్చిన అలాలు, అంటే మొహర్రం పీర్ల ఆకారాలు, చూస్తే, ఇప్పటి డిజిటల్ ప్రింటు టైలు మీద మోజు కాస్త తగ్గుతుంది. గోడ కింది భాగం, పైభాగం పోల్చి చూడు. 1908 మూసీ వరదలో ఆ పలకల పని దెబ్బతింది. గ్లేజు నీళ్ళు తాగదు, వెనకున్న గోడ తాగుతుంది. పుస్తకంలో టైలు పాఠం వచ్చినప్పుడు ఇది గుర్తుంటే చాలు.

ప్రశ్న: బాత్రూం టైల్స్ మధ్య గీతలు నల్లబడ్డాయి. యాసిడ్ పోసి రుద్దితే తెల్లగా అవుతున్నాయి, నెలకే మళ్ళీ నలుపు.
- ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: యాసిడ్ ఆపేయండి. అది మురికితో పాటు గీతల్లోని సిమెంటునీ తినేస్తోంది. గీత గరుకై, లోతై, మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గీతల్లో నింపిన పాత గ్రౌటుని రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గీకించి, రెండు రోజులు బాత్రూం వాడకుండా పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌటు నింపించండి. ఖరీదు ఎక్కువే గానీ నీళ్ళు తాగదు. తెలుపు తీసుకోకండి, లేత బూడిద రంగు తీసుకోండి. నింపిన వెంటనే టైలు మీద మిగిలిన మరకని తడి స్పాంజీతో తుడిపించాలి. గట్టిపడ్డాక మేస్త్రీ కూడా వదిలించలేడు.